నెత్తి మీద ఆకుపచ్చ దీపం

"ఆ చలిగదిలో ఎవరైనా ఇరుక్కుపోతేనో?"

కూతురు ఇంకా బూటు లేసు కట్టుకోవడం పూర్తి చేయనేలేదు, తల్లి నోట్లోంచి మాట ఊడిపడింది. అప్పటికి ఏ చలిగదిలోనూ ఎవరూ ఇరుక్కోలేదు. ఆ మాటకొస్తే ఆ గిడ్డంగి ఇంకా ప్రారంభమే కాలేదు. కానీ ఆవిడ భయానికి జరగడంతో పనిలేదు. జరిగేదాకా ఆగితే అది భయం ఎలా అవుతుందన్నది ఆవిడ లెక్క.

కుక్కరు కూత ఆలస్యమైతే పేలుతుందేమోనని, తొందరగా వస్తే నీళ్లు చాల్లేదేమోనని కంగారు. ఫోను మోగితే ఏ పాడు కబురోనని, మోగకపోతే కబురు చెప్పడానికి కూడా ఎవరూ మిగల్లేదేమోనని గుండెదడ. చదువు ఎనిమిదో తరగతితో ఆగిపోయింది గానీ భయం మాత్రం పట్టాల మీద పట్టాలు పుచ్చుకుంటూ పోయింది. అందుకే మరిది ఆవిడకి కంగారమ్మ అని పేరు పెట్టాడు. ఎంత బాగా అతికిందంటే, ఇప్పుడు వీధిలో సగం మందికి అసలు పేరే గుర్తు లేదు.

"చలిగదిలో ఎందుకు ఇరుక్కుంటారమ్మా? తలుపు లోపలినుంచి కూడా తెరుచుకుంటుంది" అంది కూతురు.

"మంచు పట్టి బిగుసుకుంటే?"

"అందుకే బటను."

"కాలు జారి పడితే? స్పృహ తప్పబోతుంటే?"

"అందుకే బటను. లోపల పనిచేసే ప్రతివాళ్ల మెడలోనూ ఒక చేతియంత్రం ఉంటుంది. దాంతోనే పెట్టెల మీద చారలు చదివి లెక్క రాస్తారు. దానికే ఎర్ర బటను. నొక్కితే కాపలా గదిలో గంట మోగుతుంది, మనిషి పరిగెత్తుకొస్తాడు."

"మోగకపోతే?"

"మోగుతుంది. మోగేలా చూడ్డానికే కదా నాకు జీతం ఇస్తున్నది?"

జీతం అనగానే కంగారమ్మ భయం ఇంకో వైపు మళ్లింది. కూతురి ఉద్యోగం ఇంకా పరీక్షాకాలంలో ఉంది. కంపెనీల ఆవరణల్లో తీగల్లేకుండా ఫోన్లూ కంప్యూటర్లూ మాట్లాడుకునేలా చేయడం ఆ పిల్ల పని. సిగ్నలు పంచే ఏ డబ్బా ఎక్కడ బిగించాలో, దేనికెంత బలం ఇవ్వాలో, ఏ గోడ దాటి సిగ్నలు పోతుందో, ఏ గోడకు తల బాదుకుని చస్తుందో ముందుగానే కొలిచి బొమ్మ గీయాలి. ఇన్నాళ్లూ ఎవరి వెనకో పెట్టెలు మోసింది. ఇప్పుడు మొదటిసారి ఒక గిడ్డంగి మొత్తం తనకే ఒప్పజెప్పారు. పండ్లూ మందులూ నిలవ ఉంచే పెద్ద చలిగిడ్డంగి. ఇది సవ్యంగా అయితే ఉద్యోగం ఖాయం. కాకపోతే ఇంటిదారి. ఆ సంగతి పిల్ల ఒక్కసారే చెప్పింది. తల్లి మాత్రం రోజూ పళ్లు తోముకున్నంత నియమంగా తలుచుకుంటూనే ఉంది.

ఆ గిడ్డంగి కోసం పిల్ల పడ్డ తిప్పలు కంగారమ్మ కళ్లారా చూసింది. చక్రాల బల్ల మీద కంప్యూటరు పెట్టుకుని, సందు సందూ తోసుకుంటూ కొలిచింది. చలిగదుల గోడలు మామూలు గోడలు కావట. రెండు రేకుల మధ్య నురుగు కూరినవి. చలి బయటికి పోదు, సరే, సిగ్నలు కూడా లోపలికి రాదు. బయట ఎంత పెద్ద డబ్బా పెట్టినా లోపల శూన్యమే. కాబట్టి మూడు చలిగదుల్లోనూ లోపలే ఒక్కో డబ్బా, మంచు తగలకుండా వెచ్చటి తొడుగులో. నాలుగు డబ్బాలు ఎత్తయిన అరల మధ్య సందుల్లో. ఒకటి లారీలు ఆగే వాకిట్లో. ఒకటి ఆఫీసు గదులన్నిటికీ కలిపి. మొత్తం తొమ్మిది.

బొమ్మకి రంగులు కూడా వేసింది. సిగ్నలు నిండుగా ఉన్నచోట ఆకుపచ్చ, చాలినంత ఉన్నచోట పసుపు, లేనిచోట ఎరుపు. చూసి కంగారమ్మ కూడా ముచ్చటపడింది. ఎరుపు అన్నది ఎక్కడా లేదు కదా అని గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోయింది కూడా.

కొంప అక్కడే మునిగింది.

గిడ్డంగి మేనేజరు గారు బొమ్మ చూశాడు. తన గది ఎక్కడుందో వెతికాడు. కనిపించింది. పసుపు.

ఆ కంపెనీలో ఇదివరకు హోదా అంతా కుర్చీ వీపులో ఉండేది. వీపు ఎంత ఎత్తయితే మనిషి అంత పెద్ద. కొత్త భవనంలోకి వచ్చేసరికి ఎవరో బుద్ధిమంతుడు అందరికీ ఒకే రకం కుర్చీలు టోకున తెప్పించాడు. అప్పటినుంచీ పెద్దవాళ్లందరికీ ఊపిరాడటం లేదు. గదిలోకొచ్చిన మనిషికి తాము ఎంతవాళ్లో ఎలా తెలుస్తుంది? నోరు తెరిచి చెప్పుకుంటే బాగుంటుందా? అలాంటి దిగులులో ఉండగా ఈ పసుపు.

"యాపిల్ పెట్టెలకి ఆకుపచ్చ, నాకు పసుపా?" అన్నాడు మేనేజరు.

"పసుపంటే తక్కువని కాదండీ. మీ పనికి చాలినంత అని" అంది పిల్ల.

"చాలినంత అనేది గుమాస్తాలకమ్మా. యాపిల్ ఏం చేసుకుంటుంది సిగ్నలు? ఫోను మాట్లాడుతుందా?"

పిల్ల చెప్పింది. చలి గురించి, రేకు గోడల గురించి, ఎర్ర బటను గురించి. ఆయన తల ఊపాడు. ఆయన తల ఊపితే విన్నాడని అర్థం కాదు, మీరు ఆపేస్తే బాగుండునని అర్థం. పిల్లకి అది తెలియదు, పాపం చిన్నది.

ఆ పిల్ల వేరే పని మీద తన ఆఫీసుకి వెళ్లొచ్చేలోపు ఒక డబ్బా అరల సందులోంచి లేచి మేనేజరు గారి నెత్తిమీదికి వచ్చి వాలింది. డబ్బాకి చిన్న ఆకుపచ్చ దీపం. ఆ దీపం కింద కూర్చున్న మేనేజరుని చూసి లెక్కల మేనేజరుకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆయన రెండో చలిగది డబ్బా ఊడబీకించి తెప్పించుకున్నాడు. కొనుగోళ్ల మేనేజరు మాత్రం గాజులు తొడుక్కున్నాడా? ఒకటో చలిగదిది ఆయనకి. ఇందరికి ఉండి యజమాని పెద్దాయనకి లేకపోతే బాగుండదని, ఆయన అడక్కుండానే, ఆఫీసుకి ఉమ్మడిగా పెట్టినదాన్ని ఆయన గదిలోకి జరిపారు. పెద్దాయన ఫోను వాడడు. ఫోను వస్తే కేకేసి ఎవరికైనా ఇస్తాడు. మూడో చలిగది డబ్బా ఎవరు పట్టుకుపోయారో చెబితే నమ్మరు. భద్రతాధికారి.

కుర్చీలు కలిపినవాళ్లని డబ్బాలు విడదీశాయి. ఇప్పుడు ఆ ఆఫీసులో గదిలోకి అడుగుపెట్టినవాడు ముందు పైకి చూసి, ఆ తరవాతే నమస్కారం పెడుతున్నాడు.

"సంతకం పెట్టనమ్మా" అంది కూతురు ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బూటైనా విప్పకుండా గోడకి చేరగిలబడి. "అంతా సరిగ్గా ఉందని నేను సంతకం పెడితేగానీ తెరవకూడదు. ఎలా పెట్టను? చలిగదుల్లో ఒక్కటి లేదు. ఐదు డబ్బాలూ పక్కపక్క గదుల్లో పెట్టారు, అన్నీ ఒకదాని మీద ఒకటి అరుచుకుంటున్నాయి. తీగ గంట ఉండేది, అది పాతకాలం వ్యవహారం అని ముందే పీకేశారు."

"ఒకే వంటింట్లో ఐదుగురు అత్తలన్నమాట" అన్నాడు మరిది పేపరు మడుస్తూ. ఆయన అన్నగారింట్లో పేపరు చదవడానికే వస్తాడు, కబుర్లు చెప్పి పోతాడు.

"మరి మేనేజరు ఏమన్నాడే?" అంది కంగారమ్మ.

"తొమ్మిది అడిగారు, తొమ్మిదీ ఉన్నాయి, లెక్క సరిపోయింది కదా అన్నాడు."

"మీ ఆఫీసులో పెద్దసారు?"

కూతురు వంగి బూటు లేసు లాగింది. "క్లయింటు ఏమంటే అదే ప్లాను అన్నాడు. సంతకం పెట్టకపోతే వేరే ఉద్యోగం చూసుకో అన్నాడు."

కంగారమ్మకి పైప్రాణాలు పైనే పోయాయి. ఇన్నాళ్లూ తలుచుకుని తలుచుకుని భయపడ్డది వాకిట్లోకొచ్చి చెప్పులు విప్పుకుంటోంది.

"పెట్టేయవే తల్లీ. పెద్దవాళ్లతో మనకెందుకు? వాళ్ల గిడ్డంగి, వాళ్ల డబ్బాలు, నెత్తిన పెట్టుకుంటారో నేలన పెట్టుకుంటారో వాళ్లిష్టం."

"పొద్దున చలిగదిలో ఎవరైనా ఇరుక్కుంటే అని నా ప్రాణం తీసింది నువ్వే కదమ్మా?"

"అది వేరు, ఇది వేరు."

"ఎలా వేరు?"

ఎలా వేరో కంగారమ్మకి తెలుసు. పొద్దున భయపడింది ఊరివాళ్ల గురించి, ఇప్పుడు కూతురి గురించి. ఆ మాట బయటికి అనలేక, "మాటకి మాట ఎదురు చెప్పకు" అంది.

"వదినా, నీ భయాలు ఒకదానికొకటి సవతులు. ఒక ఇంట్లో ఇమడవు" అన్నాడు మరిది.

చివరికి పిల్ల ఒక దారి కనిపెట్టింది. కాగితం మీద చెబితే వినరు, కళ్లకి చూపిద్దాం అంది. జనాన్ని పెట్టి, అందరి చేతుల్లోనూ యంత్రాలు పెట్టి, నిజంగా పని జరుగుతున్నట్టే నడిపించి చూస్తుంది. కానీ పనివాళ్లు ఇంకా చేరలేదు. మనుషులు కావాలంటే మా దగ్గర లేరన్నాడు మేనేజరు, ఆ మాటతో ఊరుకుంటుందనుకుని. పిల్ల ఊరుకోలేదు, చుట్టాలకి ఫోన్లు చేసింది. బాబాయి సరే అన్నాడు. కంగారమ్మ చెల్లెలు, పిల్లకి పిన్ని, కొత్త చోటు చూడొచ్చని తోడికోడళ్లను కూడా వెంటేసుకొస్తానంది. పక్కింటి దర్జీ, ఆయన భార్య, మెట్ల కింద ఇస్త్రీ చేసే ఆయన. కంగారమ్మని ఎవరూ పిలవలేదు. పిలవకపోయినా బయల్దేరింది. ఇంతమంది ఒకే ఆటోలో పోతుంటే తను లేకుండా ఏమైనా అయితే?

గిడ్డంగి గేటు దగ్గర మేనేజరు గారే ఎదురొచ్చాడు. తెల్లగా, చలువగా, యాపిల్ పండులాగే ఉన్నాడు. పిల్ల తల్లి ఈవిడే అని తెలిశాక ప్రత్యేకంగా తన గదికి తీసుకెళ్లి టీ ఇప్పించాడు. కంగారమ్మ కూర్చుంటూనే పైకి చూసింది. ఆకుపచ్చ దీపం.

"మీ అమ్మాయి చాలా తెలివైందమ్మా" అన్నాడు. "కాకపోతే కాస్త మొండి."

"చిన్నప్పటినుంచీ అంతే బాబూ."

"మీరు చెబితే వింటుంది. ఆ సంతకం ఒక్కటీ పడితే మా పెద్దాయన చేత మీ అమ్మాయి గురించి వాళ్ల ఆఫీసుకి ఒక మంచి మాట చెప్పిస్తాను. పడకపోతే..." అని ఆగి, టీ ఊదుకున్నాడు. "ఎందుకొచ్చిన గొడవ చెప్పండి?"

"నేను చెబుతాను బాబూ. పెడుతుంది. నా మాట జవదాటదు" అంది కంగారమ్మ. కూతురు ఆవిడ మాట ఆఖరిసారి విన్నది పాలు మాన్పించినప్పుడు. అయినా ఆ నిమిషంలో ఆ మాట నిజమేననిపించింది. టీ కూడా బాగుంది.

పరీక్ష మొదలైంది. అందరికీ దూది కుక్కిన బరువైన కోట్లు ఇచ్చారు. పిన్ని తన కోటులో అటూ ఇటూ తిరిగి చూసుకుని, "అక్కా, పరుపులో చెయ్యి దూర్చినట్టుందే" అంది. బాబాయి కోటు టోపీ కళ్లమీదికి లాక్కుని, లారీల వాకిట్లో పెట్టెల మీద చారలు చదువుతూ ప్రతిదానికీ "ఈ యాపిల్ మంచిది, ఈ యాపిల్ మోసగత్తె" అని తీర్పులిస్తున్నాడు. దర్జీ వాళ్లు ఎత్తయిన అరల మధ్య తిరుగుతున్నారు. కంగారమ్మ మెడలో కూడా పిల్ల ఒక యంత్రం వేసింది.

"నువ్వు రెండో చలిగదిలోకి వెళ్లమ్మా. తలుపు గొళ్ళెం తీసే ఉంటుంది, భయం లేదు. లోపలికెళ్లి ఎర్ర బటను నొక్కు. ఎవరైనా వచ్చేదాకా అక్కడే ఉండు. వాళ్లంతట వాళ్లు రావాలి, నువ్వు బయటికి రాకూడదు. అదే పరీక్ష."

"నన్నే ఎందుకే?"

"నీకన్నా బాగా భయపడేవాళ్లు నాకు దొరకలేదు" అని నవ్వింది పిల్ల. నవ్వులో అలసట ఉంది.

తలుపు బరువుగా మూసుకుంది. కంగారమ్మ చుట్టూ చూసింది. పై కప్పు దాకా ఖాళీ అరలు, నేల మీద తెల్లటి పొడి. పై కప్పులో ఒక చోట నాలుగు మరల కన్నాలు, ఒక ఖాళీ తొడుగు వేలాడుతోంది. ఇక్కడిదే కాబోలు లెక్కల మేనేజరు నెత్తినెక్కింది. నోట్లోంచి ఊపిరి పొగలాగ వస్తోంది. బటను నొక్కింది.

ఏమీ కాలేదు.

మళ్లీ నొక్కింది. యంత్రం తెర మీద చిన్న చక్రం తిరుగుతోంది, వెతుకుతున్నాను అన్నట్టు. తిరుగుతూనే ఉంది. ఎద్దు గానుగ తిరిగినట్టు, ఎక్కడికీ పోకుండా.

కంగారమ్మ జీవితమంతా చాలా ప్రమాదాలు చూసింది, మనసులో. అన్నిట్లోనూ చప్పుడు ఉండేది. పేలడం, కూలడం, ఎవరో కేక పెట్టడం, ఎవరో పరిగెత్తుకు రావడం. ఇక్కడ ఏ చప్పుడూ లేదు. ఎవరూ అరవడం లేదు. ఎవరికీ తెలియను కూడా తెలియదు. ప్రమాదం ఇంత మర్యాదగా, ఇంత నిమ్మళంగా ఉంటుందని ఆవిడకి ఎప్పుడూ తట్టలేదు.

"ఎవరైనా ఉన్నారా?" అంది. గొంతు రేకులకి తగిలి తిరిగొచ్చింది.

కాళ్ల వేళ్లు తిమ్మిరెక్కాయి. తలుపు తోసుకుని పోవచ్చు, గొళ్ళెం లేదు. కానీ పిల్ల ఉండమంది. ఉంది. నిలబడి బటను నొక్కుతూ, తనకి తెలియకుండానే ఒక మనిషిని ఊహించుకుంది. ఎవరో. ఎవరి కొడుకో, ఎవరి కూతురో, కాలు మడత పడి ఈ తెల్ల పొడిలో కూర్చున్నవాళ్లు. ఇంటి దగ్గర వాళ్లమ్మ. "ఇంకా ఫోను ఎత్తలేదేమిటి" అని నిమిషానికోసారి చూసుకుంటూ ఉంటుంది. పక్కనున్నవాళ్లు ఆవిడని చూసి నవ్వుతారు, నీకన్నీ కంగారే అంటారు. ఒక్కసారి, ఈ ఒక్కసారి, ఆ పిచ్చిదాని భయం నిజమవుతుంది. నవ్వినవాళ్లకి ఏం తెలుస్తుంది?

తలుపు తెరుచుకుంది. వెచ్చటి గాలి, గాలితోపాటు మరిది తల.

"వదినా! ఇక్కడున్నావా? మీ చెల్లెలు ఊరంతా వెతుకుతోంది. రెండో విడత టీ వచ్చింది, చల్లారిపోతోంది."

"గంట విని వచ్చావా?"

"గంటేమిటి?"

"ఎర్ర బటను నొక్కాను కదయ్యా. ఎన్నిసార్లు నొక్కానో."

మరిది మొహంలో నవ్వు సగంలో నిలిచిపోయింది. "కాపలా గదిలో ఏమీ మోగలేదు వదినా. ఇందాకటి నుంచీ నేనూ అక్కడే ఉన్నాను, కాపలావాడు నా పక్కనే కూర్చుని బిస్కట్లు తింటున్నాడు. నేను టీకి పిలుద్దామని వచ్చానంతే."

బయట కూడా అంతంతమాత్రమే. దర్జీ యంత్రం ఒక పెట్టె చదివి ఆలోచనలో పడిపోయింది. బాబాయి యాపిళ్లలో సగం లెక్కకి ఎక్కలేదు. ఆఫీసు గదుల్లో మాత్రం అందరి ఫోన్లలోనూ సిగ్నలు గీతలు నిండుగా ఉన్నాయి. గీతలే ఉన్నాయి. ఐదు డబ్బాలూ ఒకదాని మాట ఒకటి తొక్కేసుకోవడంతో కొనుగోళ్ల మేనేజరు వీడియోలో ఎవరితోనో మాట్లాడుతూ నోరు తెరిచిన మనిషి తెరిచినట్టే తెరమీద బిగుసుకుపోయాడు. చూసిన పిన్ని, "పళ్లు మాత్రం బాగున్నాయి" అంది.

అందర్నీ పెద్ద గదిలోకి పిలిచారు. బల్లకి ఒకవైపు పెద్దాయన, మేనేజర్లు, భద్రతాధికారి. ఒకవైపు పిల్ల ఒక్కతే. గోడ వెంబడి కోట్లు విప్పని చుట్టాలు, కాందిశీకుల్లాగ.

పిల్ల బొమ్మ పరిచింది. ఈసారి రంగులు మారాయి. ఆఫీసు వరుస అంతా ముదురాకుపచ్చ. మూడు చలిగదులూ ఎరుపు.

"మూడు గదుల్లోనూ బటను నొక్కించాను. ఒక్కచోటా గంట మోగలేదు" అంది. "మూడు డబ్బాలు మళ్లీ లోపల పెట్టాలి. అరల సందులోది కూడా వెనక్కి పోవాలి. అప్పుడే సంతకం పెడతాను. ఎవరిది ముందు తీయమంటారో చెప్పండి."

పెద్దవాళ్లంతా కప్పు వైపు చూశారు. ఎవరి కప్పు వైపు వాళ్లు కాదు, పక్కవాళ్ల గది ఉన్న వైపు.

"లెక్కల విభాగానికి నిరంతర సిగ్నలు తప్పనిసరి" అన్నాడు లెక్కల మేనేజరు.

"భద్రత విషయంలో రాజీపడలేం. నాది తీస్తే భద్రతకే ముప్పు" అన్నాడు భద్రతాధికారి. ఆయన నిజంగానే నమ్మి అన్నాడు. మొహం చూస్తే తెలుస్తోంది.

"ఇంకో మూడు కొంటే సరి కదా" అని గోడ దగ్గర్నుంచి మరిది అన్నాడు.

"కొత్తవి కొన్నాక అవి వీటికన్నా కొత్త రకం అవుతాయి" అన్నాడు కొనుగోళ్ల మేనేజరు ఇబ్బందిగా. "అవి గోదాములో, పాతవి మా దగ్గర అంటే బాగోదు."

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. అందరూ ఆయన వైపు తిరిగారు. ఆయన జేబురుమాలు తీసి మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు మేనేజరు గారు చలువగా నవ్వి, కుర్చీ తిప్పి, గోడవైపు చూశాడు.

"ఎందుకమ్మా ఇంత రాద్ధాంతం? పెద్దవాళ్లున్నారుగా. అమ్మా, మీరు పొద్దున నాకు మాటిచ్చారు. నా కూతురు నా మాట జవదాటదు అన్నారు. మీరే చెప్పండి మీ అమ్మాయికి."

పిల్ల చప్పున తలెత్తింది. తల్లి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండును. కోపం ఉంటే కంగారమ్మ తిరిగి అరిచి ఉండేది. అలవాటు పడ్డ చూపు అది. అమ్మ ఎప్పుడూ అంతే కదా, అన్న చూపు. కలం మూత తీసి బల్లమీద పెట్టింది, ఏదైతే అదవుతుందని.

అందరూ కంగారమ్మని చూస్తున్నారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సంతకం పడకపోతే రేపు పిల్ల బూటు వేసుకుని ఎక్కడికి పోతుంది? ఇంట్లో కూర్చుని గోడ చూస్తుంది. పదిమంది పది రకాలుగా అడుగుతారు. ఆ ఉద్యోగం కోసం పిల్ల ఎంత ఎదురుచూసిందో తనకి తప్ప ఎవరికి తెలుసు? ఒక్క మాట అంటే చాలు, పెట్టేయమ్మా అని. మొన్న ఇంట్లో అన్నదే. ఎన్నోసార్లు అన్నదే. ఆ మాట నాలుక చివరే ఉంది.

పిన్ని మోచేత్తో పొడిచింది. "అక్కా, చెప్పవే, నిన్నే."

కంగారమ్మ కాళ్ల వేళ్లింకా వెచ్చబడలేదు. బొమ్మలో ఎర్రటి గడి ఒకటి కనిపిస్తోంది. అందులో తను నిలబడి ఉంది ఇందాక. ఇప్పుడు అందులో ఎవరూ లేరు. రేపు ఉంటారు.

లెక్కల మేనేజరు గడియారం చూసుకున్నాడు. పెద్దాయన మళ్లీ గొంతు సవరించుకున్నాడు. మేనేజరు నవ్వు కొంచెం కొంచెంగా గట్టిపడుతోంది. ఎక్కడో డబ్బాల్లోంచి సన్నగా, దోమ పాటలాగ, ఏదో మోత వినిపించినట్టుంది, లేక ఆవిడ చెవుల్లోనే ఉందో.

కంగారమ్మ మెడలోంచి యంత్రం తీసింది. దాని తాడు చేతికి చుట్టుకుపోతే విడిపించుకుంది. నాలుగడుగులు వేసి, దాన్ని మేనేజరు గారి ముందు, టీ కప్పు పక్కన పెట్టింది.

"పెడుతుంది బాబూ, ఎందుకు పెట్టదు? మాటిచ్చాను కదా" అంది. "ముందు మీరు ఇది మెళ్లో వేసుకుని ఆ రెండో గదిలోకి వెళ్లండి. తలుపేసుకుని ఎర్ర బటను నొక్కండి. మా వాళ్లెవరూ టీకి పిలవడానికి రారు, నేను చూసుకుంటాను. గంట విని ఎవరైనా వచ్చి తలుపు తీశాక, అప్పుడు మా అమ్మాయి చేత నేనే సంతకం పెట్టిస్తాను."